నీలం అంచు పళ్ళేలు

"ఒక్కటంటే ఒక్కటీ లేదు నాన్నమ్మా! బిర్యానీ దేంట్లో పెడతావు, అరచేతుల్లోనా?" అల్మారా తలుపులు బార్లా తెరిచి నిలదీసింది ఫాల్దీలా.

మొనీబా తలగుడ్డ సర్దుకుంది. మగవాళ్ళు పండుగ నమాజు ముగించుకుని వచ్చే వేళయింది. ఈ రోజు ఆ ఇంట్లో పెద్దలంతా ఆవిడ తల్లి పెళ్ళినాటి నీలం అంచు పళ్ళేల్లోనే తినాలి. కాగితం పళ్ళేల మాటెత్తితే ఆవిడకి ఒళ్ళుమంట.

రంజాన్ నెలంతా, ఉపవాసం విడిచే ముందు, కేప్‌టౌన్‌లోని ఆ వీధిలో ఇంటింటికీ పళ్ళేలు తిరుగుతాయి. సమోసాలతో వెళ్ళిన పళ్ళెం ఏదో ఒక మిఠాయితో తిరిగొస్తుంది. చర్చికి వెళ్ళే డాఫ్నీ కూడా కేకుముక్క పెట్టే పంపుతుంది. ఎదురింట్లో కొత్తగా దిగిన తెల్లాయన హేవుడ్ మాత్రం పుచ్చుకోవడమే తప్ప తిరిగివ్వడం ఎరగడు. మొనీబా తక్కువదా? చివరి పదకొండు రోజులూ రోజుకొకటి చొప్పున పంపింది.

"నేను వద్దన్నా విన్నావా నాన్నమ్మా? పలకరిస్తే తల దించుకుని పోతాడు. రేపో మాపో మన మసీదు బాంగు మీదే ఫిర్యాదు పెడతాడు చూడు. అవునూ, సెట్టంటే పన్నెండుండాలిగా? ఇంకోటి ఏదీ?"

"మా అక్క రుగాయా పట్టుకుపోయింది. ప్రభుత్వం ఒంటి రంగు చూసి మనుషుల్ని విడదీసిన రోజులవి. అక్క పాలలా ఉండేది. తెల్లదాన్నని రాయించుకుని అటు వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ వీధి మొహం చూడలేదు. అమ్మ బతికినంత కాలం పండగ పూట అక్క చోటు ఖాళీగా ఉంచింది. నేనూ ఉంచుతున్నాను."

"అరవై ఏళ్ళయింది నాన్నమ్మా!"

"అయితే ఏం? ఉంచుతాను. ముందు ఆ పళ్ళేల సంగతి తేల్చుకొస్తా."

మోకాళ్ళు మొరాయిస్తున్నా ఒక్కతే వీధి దాటి తలుపు దబదబా బాదింది. అరవైకి దగ్గరపడ్డ హేవుడ్ తలుపు ఓరగా తీశాడు.

"పండగపూట గొడవెందుకని మర్యాదగా అడుగుతున్నా. నా పళ్ళేలేవి?"

ఆయన మొహం ఎర్రబడింది. "క్షమించండి. ఖాళీ పళ్ళెం తిరిగి పంపకూడదు కదండీ. నాకు వంట రాదు. ఇవాళ పొద్దున్నించీ తంటాలు పడి సేమ్యా పాయసం చేశాను. కొంచెం మాడింది."

మొనీబా కోపం సగం దిగింది. "ఖాళీగా పంపకూడదని నీకెవరు చెప్పారయ్యా?"

ఆయన తలుపు పూర్తిగా తెరిచి పక్కకి జరిగాడు.

లోపల బల్ల మీద నీలం అంచు పళ్ళేలు తళతళా కడిగి వరసగా పేర్చి ఉన్నాయి. అన్నిట్లోనూ పాయసం. ఒక్కటీ పగల్లేదు కదా అని మొనీబా లెక్కపెట్టింది. తప్పు లెక్కపెట్టాననుకుని, గుమ్మం పట్టుకుని, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

పన్నెండు.