ఇరవై అయిదు ప్రశ్నలు

"ఇప్పటికన్న ఆ మాట వాపస్ తీసుకో. పిల్లను పరీక్షకు గుంజకు" అంది ముత్తమ్మ.

మొగులయ్య భార్య వైపు చూడలేదు.

"సంఘం ముంగట నిలబడి సాక్ష్యం చెప్పిన. నా బిడ్డకు నేనే చదువు చెప్త, బడికి పంపనని దేవుని ముంగట అన్న. ఇయ్యాల కాదంటె నేనేం మనిషిని?"

ఎనిమిది నెలలుగా ఇదే జవాబు. పంతం ఉన్నవాడికి దేవుడి పేరు అడ్డం పెట్టుకోవడం తేలిక.

కామాటిపురలో వరస గదుల చాల్‌లో వాళ్లది పదడుగుల ఖోలీ, ఒక్కటే గది. ఆ ఆదివారం ఆరాధన ముగియగానే ముగ్గురు వచ్చి అందులో ఇరుక్కున్నారు. పాస్టర్ ఏలీయా మంచం మీద, సంఘపెద్ద బుచ్చన్న గడప మీద, మున్సిపల్ బడి టీచరు ప్రాజక్త చాప మీద. ఆమెకు ఎదురుగా పదకొండేళ్ల ఎస్తేరు పెన్సిలు పట్టుకుని కూర్చుంది.

మర్నాడు బడి తెరుస్తారు. ఎస్తేరు ఆరో తరగతిలో చేరాలా, ఇంట్లోనే ఉండాలా అన్నది ఈ గంటలో తేలిపోవాలి. ఒప్పందం పాస్టరే కుదిర్చాడు. ఇరవై అయిదు ప్రశ్నలు. పదిహేను సరిగ్గా రాస్తే పిల్ల తండ్రి దగ్గరే చదువుకుంటుంది, సంఘంలో ఎవరూ ఇక అడగకూడదు. ఒక్కటి తగ్గినా బడికి పోతుంది, తండ్రి అడ్డం రాకూడదు. పిల్లల చదువుకు తల్లిదండ్రులు దేవుడికి జవాబు చెప్పాలని తాను ప్రసంగించిన మాట నిజమేననీ, బడి మానిపించమని మాత్రం అనలేదనీ ఆయన మరోసారి చెప్పాడు.

"మొగులయ్య యూనివర్సిటీకి ఇయ్యాల ఇంతియాన్, పెద్ద పరీక్ష" అన్నాడు బుచ్చన్న. అతని కొడుకులిద్దరూ ఇంగ్లిషు బడిలో చదువుతున్నారు. "వైస్ ఛాన్సలర్ సాబ్, బాహర్ నిలబడుండ్రి. సైగలు గీగలు జేస్తరు."

మొగులయ్య బయటి గ్యాలరీలోకి వెళ్లి, గుమ్మానికి వీపు పెట్టి నిలబడ్డాడు. అతను లాదీ మేస్త్రీ. రోజంతా గచ్చు మీద మోకాళ్లూని పలకలు పరిచే మనిషి. పనికి పోయే ముందు రోజూ తెల్లవారుజామున అయిదింటి నుంచి ఏడింటి దాకా కూతుర్ని కూర్చోబెట్టి చదివిస్తాడు. ఆ రెండు గంటలు ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆ సంగతి చాల్‌లో అందరికీ తెలుసు.

ప్రాజక్త మరాఠీలో ఒక్కో ప్రశ్నా చదివింది. ఎస్తేరు రాస్తూ పోయింది. ఏడెనిమిదులు ఎంత అన్నచోట ఆగి, గ్యాలరీ వైపు ఒకసారి చూసి, మళ్లీ తల దించింది. ముత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మొగులయ్య వేళ్లు గ్యాలరీ కటకటాలను వదల్లేదు.

ప్రాజక్త కాగితం దిద్దడం మొదలుపెట్టింది. ఎర్ర పెన్ను మాటిమాటికీ ఆగింది. ఒకచోట ఆమె తలెత్తి, నాలుగో తరగతిలో ఈ పిల్ల ఎక్కాలు అందరికంటే ముందు అప్పజెప్పేదని మెల్లగా అంది.

"పదకొండు సరి. పద్నాలుగు తప్పు" అంది చివరికి.

ముత్తమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. అది ఏడుపో, ఊపిరి పీల్చుకోవడమో ఆమెకే తెలియాలి. బుచ్చన్న నాలుక చప్పరించాడు. "ఎనిమిది నెలలు తెల్లారగట్ల లేపితివి. వచ్చింది గూడ పోగొడితివి గదనే."

మొగులయ్య లోపలికి వచ్చాడు. కాగితం చూడలేదు. కూతురి ముఖమూ చూడలేదు.

పాస్టర్ లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "దేవుడు నిన్ను నీ మాట నుంచి విడిపించాడు, మొగులయ్యా. నువ్వు తప్పలేదు. ఆయనే వద్దన్నాడు."

"ఆయన చిత్తం అయ్యగారూ" అన్నాడు మొగులయ్య.

ప్రాజక్త చాచిన బడి ఫారం మీద సంతకం పెట్టాడు. ఏలీయా ప్రార్థన చేసి వెళ్లిపోయాడు. బుచ్చన్న మెట్లు దిగుతూ దారిలో కనిపించిన ప్రతి ఖోలీలోనూ సంగతి చెప్పుకుంటూ పోయాడు. కింద కుళాయి దగ్గర ఆడవాళ్ల నవ్వు పైదాకా వినిపించింది. మొగులయ్య ఆ నవ్వంతా విన్నాడు.

తర్వాత చొక్కా తొడుక్కుని, నోటుబుక్కులు కొనాలని చెప్పి, ఎస్తేరును వెంటబెట్టుకుని గ్రాంట్ రోడ్ వైపు బయలుదేరాడు. గల్లీ మలుపు తిరిగారు. చాల్ కనుమరుగయ్యాక అతను ఆగాడు. వెనకా ముందూ చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"పదకొండు తప్పులు రాస్తె చాలు, పదిహేనుకు ఒక్కటి తక్కువైతదని నిన్ననే చెప్తిని గద. పద్నాలుగు ఎందుకు రాసినవే?"

ఎస్తేరు తల దించుకుంది.

"నేను కావాలని రాసినయి పదకొండే నాయినా. కడమ మూడు నాకు నిజంగనే రాలే."