హిట్లర్‌ను ఓడించిన దేశం

"తాళం ఇస్తవా, ఇయ్యవా మామా?"

నరేశ్ అరుపుకి బనియాస్‌లోని గల్ఫ్ కూలీల గదిలో టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు దించేశారు. వెంకట్రాములు ఇనప్పెట్టెను మంచం కిందికి కాలితో నెట్టి, చేతిలో ఫోనుతో దానికి అడ్డంగా కూర్చున్నాడు. పెట్టెలో మేనల్లుడి పాస్‌పోర్టు ఉంది. తాళంచెవి తన మొలతాడుకి ఉంది.

కింద ఏజెంట్ సనావుల్లా కారు హారన్ ఆపకుండా కొడుతున్నాడు. నరేశ్‌కు రష్యాలో హెల్పర్ పని. సాయంత్రమే విమానం.

"కంపెనీల నౌకరి ఖలాస్ చేసుకున్న. ఇప్పుడాపితే నేనేం గావాలె?"

"గడ్డి పీకు. పోవుడు మాత్రం లేదు."

నరేశ్ తన ఫోను మామ ముఖం ముందు పెట్టాడు. మాస్కోలో విజయదినం కవాతు. "సూడు! హిట్లర్‌ను మట్టికరిపించిన దేశం. వాళ్లు లేకుంటే దునియా మొత్తం వాని కాళ్లకిందనే ఉండునని సనావుల్లా భాయ్ చెప్పిండు. అసొంటి దేశం మనలను మోసం చేస్తదా?"

వెంకట్రాములు దిగ్గున లేచాడు. గుండు మీద నరాలు ఉబ్బాయి.

"ఓడగొట్టిన్రు, ఎవడు కాదన్నడు! రెండు కోట్ల మందికి పైన సచ్చి ఓడగొట్టిన్రు. వాళ్లకు దండం పెడ్త. గా సచ్చినోళ్ల పేరు జెప్పి మన పోరగాండ్లను అమ్ముకునేతందుకు ఈ సనావుల్లాగాడెవడు? అప్పుడు వాళ్ల ఊరి మీదికొచ్చినోన్ని తరిమిన్రు. నీ ఊరి మీదికి ఎవడొచ్చిండురా?"

"లడాయి ఎవడు జేస్తడు? వంటింట్ల గిన్నెలు కడుగుడే గదా!"

"అట్లనే జెప్తరు. తీస్కపోయి చేతిల తుపాకి పెడ్తరు."

"నీకు ఓర్వలేనితనం! గదే సనావుల్లాతోని రాకేశ్ బావను రష్యాకు తోలినవ్. నీ కొడుకుకో న్యాయం, నీ అక్క కొడుక్కో న్యాయమా?"

వెంకట్రాములు మళ్లీ పెట్టెకు అడ్డంగా కూర్చున్నాడు. గదిలో అందరికీ నరేశ్ మాటే సబబనిపించింది. ఈ మనిషి వ్యవహారమే అంత మరి! మొన్నీమధ్య లీవు పెట్టి ఇండియా పోయి, ఇంటి గడప తొక్కకుండా గుండుతో తిరిగొచ్చాడు. అడిగితే వేములవాడ మొక్కు అన్నాడు. గుండె ఆపరేషనైన భార్యను చూడకుండా రావడానికి మనసెలా ఒప్పిందో! కొడుకు నయం, ప్రతి శుక్రవారం తల్లికి వాయిస్ మెసేజ్ పెడతాడు.

"ఇయ్యాల పొద్దుగాల గూడ లింగవ్వత్తకు బావ మెసేజ్ వచ్చింది" అన్నాడు నరేశ్. "'అమ్మా, బువ్వ తిన్న, నువ్వు పైలం' అన్నడట. ఏమడిగినా గదే ముచ్చట చెప్తడని అత్త నవ్వుతుంది. వానికేం తక్కువైంది అక్కడ?"

"మీ అత్త ముచ్చట ఇడిసిపెట్టు."

"ఇడువ. అత్త దగ్గర బావ నంబర్ తీసుకున్న. వాన్నే అడుగుత. రమ్మంటే పోత, వద్దంటే ఆగుత."

"వద్దురా!" వెంకట్రాములు తన ఫోను నేల మీద పడేసి మేనల్లుడి మీదికి దూకాడు. ఇద్దరు ముగ్గురు లేచి ఆయన రెక్కలు గట్టిగా పట్టుకున్నారు. "ఛీ, పెద్దమనిషివి, పిల్లగాని నోటికాడి కూడు గుంజుతవా!" అని తిట్టారు కూడా.

నరేశ్ మైకు నొక్కాడు. "రాకేశ్ బావా, మీ అయ్య నన్ను రానిస్తలేడు. నువ్వే చెప్పు, రావాల్నా వద్దా?"

మెసేజ్ పంపాడు.

మంచం కింద ఇనప్పెట్టెలో ఫోను టింగుమంది.