బజారుకు రాని బిళ్ల

"గిది నీకెక్కడిది?" వెండి కొట్టు విశ్వేశ్వర్ సేట్ నాణేన్ని గుప్పిట్లో బిగించి అడిగాడు.

"ఇంట్లదే సేట్. బిళ్లలు కొంటరని విని మర్పల్లి నుంచి తాండూరు దాంక వచ్చిన" అంది అతియా.

"కొత్త నాణెం ఎట్లుంటదో చూసేతందుకు టంకశాలల నాలుగైదు కొడ్తరు. నచ్చకుంటే కరగబెడ్తరు. బజారుకు రానే రాదు. మరి గిదెట్ల బయటికొచ్చింది?"

అతియా తండ్రి ఖుద్దూస్ టంకశాలలో పనిచేసి రిటైరైన మనిషి. "అక్కరకు అమ్ముకో బిడ్డా" అని పొద్దున ఆ బిళ్లను చేతిలో పెట్టినప్పుడు ఆయన ఆమె ముఖంలోకి చూడలేదు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

"నా బిళ్ల నాకియ్యుండ్రి, పోత."

సేట్ లేచి షట్టర్ సగం దించాడు. "పోలీసులకిస్త. అసలుదైతే దొంగతనం, నకిలీదైతే ఇంకా పెద్ద కేసు. ఎట్లయినా జైలే. జర సోంచాయించు. నువ్వు రాలే, నేను చూడలే. ఒట్టి చేతులతోని ఇంటికి పో."

వెళ్లిపోదామనే లేచింది. కానీ ఇందాకే నోరు జారి ఊరి పేరు చెప్పేసింది. రేపు ఇతను ఆ బిళ్ల పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి అబ్బాజాన్‌ని బెదిరిస్తే? అతని చెయ్యి పట్టుకుని "ఇయ్యుండ్రి!" అని అరిచింది.

అరుపుకు జనం మూగారు. రోడ్డు మీద బండ్లు తనిఖీ చేస్తున్న ఎస్సై షట్టర్ ఎత్తి లోపలికొచ్చాడు.

సేట్ క్షణంలో మాట మార్చాడు. "దొంగసొమ్ము సార్! టంకశాల బిళ్ల తెచ్చి అమ్ముతాంది. నూటికి నూరుపాళ్లు అసలుది, నా పిల్లల మీద ఒట్టు. ఇసుంటిది దగ్గర పెట్టుకున్నా నేరమే!"

ఎస్సై అతియా వైపు తిరిగాడు. "దొంగతనం చేసినవా?"

కాదంటే, ఎవరిచ్చారని అడుగుతారు. ఆ పేరు ఆమె నోట రాదు. చెప్పేదాకా వీళ్లు వదలరు. అతియా కళ్లు గట్టిగా మూసుకుంది.

"చేసిన సార్."

"ఎక్కడ?"

కళ్లు తెరిచి, వేలితో సేట్ వెనకున్న బీరువాను చూపించింది.

"గీ కొట్లనే సార్. సేట్ దాసుకున్నది తీసిన. తప్పయిందని వాపసు ఇయ్యనీకి వచ్చిన."