ఎరుపు మీద నీలం

బిందె అంచు తగిలి బోరింగు మీది నీలం రంగు పెచ్చు ఊడింది. లోపల ఎరుపు కనిపించింది. ఫ్లోరైడ్ ఉంది, ఈ నీళ్లు తాగొద్దని అధికారులు వేయించే ఎరుపు.

కడుపుతో ఉన్న సుకుమారి చెయ్యి ఆగిపోయింది. ఆత్మకూరులో పని ముగించుకుని అప్పుడే బండి దిగిన భర్తను అడిగింది.

"ఏందిది? ఎవురేసినారు ఈ నీలం?"

డేవిడ్‌రాజు నవ్వాడు. "నేనే, పెళ్లిచూపులకి ముందు. ఎరుపు చూస్తే మీ నాయన పిల్లనిచ్చేవాడా? భయపడబాక. ఆఫీసోళ్లు ఊరికే బెదిరిస్తారు. వీధంతా తాగతానే ఉండారు, ఎవురికేమైంది?"

సుకుమారి మనసు కాస్త కుదుటపడింది. బిందెలో చెంబు ముంచి అతనికి అందించింది.

"ఆత్మకూరులో తాగొచ్చినాలే. నువ్వు తాగు."

పెళ్లయినప్పటి నుంచి రోజూ వింటున్న మాటే. ఇన్నాళ్లూ దాన్ని ప్రేమనుకుంది.