మనిషి చెయ్యి పడని గుట్ట

“ఆ పుట్టగొడుగు కనిపిస్తేనే గుట్ట మిగులుతుంది పెద్దమ్మా. లేదంటే రేపే నాపరాయి క్వారీకి ఇచ్చేస్తారు” అన్నాడు హర్షవర్ధన్.

పెద్దమ్మకు కాళ్లలో సత్తువ లేదు. అయినా అడుగు దూరం వదలకుండా అతని వెంటే నడిచింది. కనిపెట్టుకుని ఉండకపోతే ఎక్కడెక్కడ కెలుకుతాడో అని ఆమె భయం.

హర్షవర్ధన్ అడవుల మీద పరిశోధన చేసే మనిషి. పొద్దున్నే డోన్ నుంచి జీపులో వచ్చాడు. సాయంత్రంలోగా నివేదిక పంపాలి.

“దారి చూపడానికి లేవి గారు వస్తానన్నారే?”

“మా ఇంటాయన లేసేటట్టు లేడు సార్. నేను చూపిస్తా పదండి.”

“ఊళ్లో అలికిడే లేదు. అంతా ఎక్కడికి పోయారు?”

“కూలికి పోయినారు సార్.”

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఒక్క ఆదివారం కూడా చర్చి మానని మనిషికి ఆ విద్య ఎక్కడినుంచి వస్తుంది? అతని మొహం చూడకుండా నేల చూస్తూ చెప్పింది. పుట్టగొడుగు కోసం దుంగలు వెతికే హడావిడిలో అతను గమనించలేదు.

గుట్ట వాలులో, మద్దిచెట్ల కింద, పాత దుంగలు చాలా ఉన్నాయి. కొన్ని సగం మట్టిలో కలిసిపోయాయి. మూడో దుంగ దగ్గర హర్షవర్ధన్ కేక పెట్టాడు. దుంగ పక్కన చెవుల్లా అంటుకుని నాలుగు పుట్టగొడుగులు. పెళ్లిచూపుల్లో కూడా అంత సంబరపడి ఉండడు. అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“ఇది బాగా చివికిన దుంగ మీదే బతుకుతుంది పెద్దమ్మా. ఆ దుంగ మట్టయిపోయేలోగా పక్కన ఇంకోటి చివికి ఉండాలి. నడుమ ఒక్క తరం వాళ్లు కట్టెలన్నీ ఎత్తుకుపోయినా ఇది నశిస్తుంది. అంటే నూరేళ్లకు పైగా ఇక్కడ మనిషి చెయ్యి పడలేదు. అదే రాస్తాను. కానీ మనుషులు చేసిన పని ఏదైనా కనపడిందా, ఇక రాయలేను.”

పెద్దమ్మ దుంగలకూ అతనికీ మధ్యకు జరిగింది.

“ఊళ్లోవాళ్లు కట్టెలకు రారా?” అని అడిగాడు అతను.

“ఈడ పుల్ల గూడా ఏరుకోం సార్. మా అవ్వల కాలం నుంచీ అంతే.”

ఇది మాత్రం నిజం. అందుకే ధైర్యంగా చెప్పింది.

అతను చివరిదాకా పోయి తిరిగొచ్చాడు. “దుంగలు ఇవేనా? ఇంకా ఉన్నాయా?”

“ఆ పొద మాటున ఇంగొకటి ఉండాది సార్. శానా చిన్నది.”

అనేసి నాలిక కరుచుకుంది.

“పొద వెనక ఉన్నది మీకెలా తెలుసు?”

“తప్పిపోయిన మేకను ఎతుక్కుంటా వచ్చినా సార్, ఒగసారి.”

అతను తలూపి, పక్కనున్న దుంగ మీద బూటుకాలు పెట్టి రాసుకోబోయాడు.

“దాని మీద కాలు పెట్టొద్దు సార్!”

ఆ అరుపుకు అతను అదిరిపడ్డాడు. “తేళ్లుంటాయి” అంది పెద్దమ్మ, మెల్లగా.

అతను సంచిలోంచి ఇనుప చువ్వ తీసి దుంగ పక్కన నేలలో గుచ్చాడు. చువ్వ సులువుగా మూరెడు దిగిపోయింది.

“ఇంత రాతినేలలో ఇక్కడ మాత్రం మట్టి గుల్లగా ఉందేంటి?”

ఆమె మనసులోనే దేవుణ్ణి క్షమాపణ అడిగింది.

“అడివిపందులు సార్. గడ్డల కోసరం తవ్వుతాయి.”

హర్షవర్ధన్ ఆమె మొహంలోకి చూశాడు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. గుట్ట పోతుందని ఏడ్చిందనుకున్నాడు. జాలిపడి, చువ్వ పైకి లాగి, కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

జీపు కనుమరుగయ్యేదాకా పెద్దమ్మ కదల్లేదు. తర్వాత పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తింది. లోపల ఊరంతా చప్పుడు చేయకుండా కూర్చుని ఉంది. తలుపు చాటున కొడుకు నెహెమ్యా నిలబడి ఉన్నాడు.

“ఏం రాసినాడమ్మా?”

“మనిషి చెయ్యి పడని గుట్ట అని రాసినాడు. ఇంగ క్వారీ రాదు.”

పొద్దుటినుంచి బిగబట్టిన ఏడుపును ఒక్కసారిగా వదిలేసి, “పారా గడ్డపారా తీస్కో నాయనా, మనోళ్లందరికీ చేసినట్టే మీ నాయనను గూడా ఆ గుట్ట మీద పూడ్సి, నక్కలు తవ్వకుండా పైన మద్దిదుంగ పెట్టల్ల” అంది పెద్దమ్మ.