సంతకం లేని అప్పీలు

“అంగస్తంభన ఇంప్లాంట్ క్లెయిమ్ మీదేనాండి?”

కౌంటర్లోని మంజుష మెల్లగానే అడిగింది. అయినా హాల్లో అందరూ తనవైపే తిరిగినట్టనిపించింది తాతాజీకి.

రాజమండ్రిలోని ఆ ఇన్సూరెన్స్ ఆఫీసుకు అతను రావడం అది మూడోసారి.

ఏడాది క్రితం రావులపాలెం దగ్గర అరటిగెలల లారీ అతని బండిని గుద్దింది. ఎముకలు అతుక్కున్నాయి. తెగిన నరాలు అతుక్కోలేదు. మందులతో లాభం లేదని, ఇంప్లాంట్ పెడితే మామూలుగా కాపురం చేసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. తను పనిచేసే రొయ్యల ఫ్యాక్టరీ ఇచ్చిన పాలసీ ఉంది కదా అని తాతాజీ ధైర్యపడ్డాడు.

మంజుష కాగితం చేతికిచ్చింది.

“రిజెక్టయిందండి. మీ ఫ్యాక్టరీ పాలసీ కింద ఇది ప్రాణావసరం కాదంటున్నారు.”

వెనక బెంచీ మీదున్న ముసలాయన లేచి వచ్చాడు. నలిగిన తెల్లచొక్కా, భుజాన గుడ్డసంచి.

“బాబూ, ఆ కాగితం ఓసారి చూపించండి. అప్పీలు రాసిపెడతాను. యాక్సిడెంట్ వల్లే వచ్చిందని మీ డాక్టరుగారి చేత రాయిస్తే ఒప్పుకుంటారు.”

“మీకెందుకండీ?”

“సిగ్గుపడితే పనవదు బాబూ. నాకేమీ ఇవ్వక్కర్లేదు.”

ఎవరో కిసుక్కున నవ్వారు.

“పరువు తీయడానికే కూర్చున్నారా ఇక్కడ? పోండవతలకి!”

తాతాజీ విసిరిన చెయ్యి తగిలి ముసలాయన సంచి జారిపడింది. కాగితాలు నేలంతా పరుచుకున్నాయి. తాతాజీ ఏరడానికి వంగలేదు. మెట్లు దిగిపోయాడు.

“ఉద్యోగం మాత్రం మానకండి బాబూ! పాలసీ పోద్ది!” పైనుంచి ముసలాయన కేక వినిపించింది.

“టైం పడుతుందంట,” అన్నాడు ఇంటికొచ్చి భార్య లోవలక్ష్మితో.

సంగతి ఫ్యాక్టరీలో ఎలాగో పొక్కింది. మొదట గుసగుసలు. తర్వాత మొహం మీదే నవ్వులు. ఓ రోజు ఐడీ కార్డు సూపర్‌వైజర్ బల్ల మీద పడేసి వచ్చేశాడు.

ఆ రోజు నుంచి వరండాలో మంచం వేసుకున్నాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు.

“నాకేమీ వద్దండి. నాతో మాట్లాడితే చాలు,” అంది లోవలక్ష్మి.

“తుని, మీ పుట్టింటికి వెళ్ళిపో.”

ఆమె వెళ్ళలేదు. ఓ ఉదయం దుప్పటి మారుస్తుంటే దిండు కింద ఆ కాగితం దొరికింది. చదివింది. అతని చెయ్యి పట్టుకుని రాజమండ్రి బస్సెక్కించింది.

మంజుష కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపింది.

“ఉద్యోగంతోపాటే పాలసీ ఆగిపోయిందండి. ఇప్పుడు అప్పీలు తీసుకోరు.”

తాతాజీ బెంచీ వైపు చూశాడు. ఖాళీగా ఉంది.

“ఇక్కడొక పెద్దాయన ఉండేవారు…”

“జానకిరామ్ గారాండి? పోయిన నెల చనిపోయారు. నా దగ్గర వివరాలు తీసుకుని మీ అప్పీలు రాసి ఉంచారు. సంతకానికి మీరొచ్చారా అని రోజూ అడిగేవారు.”

తాతాజీ గోడకు చేరబడ్డాడు.

“ఎవరండీ ఆయన?” లోవలక్ష్మి అడిగింది.

మంజుష గొంతు తగ్గించింది.

“ఇక్కడే పెద్దాఫీసరుగా చేశారండి… ఇలాంటి క్లెయిమే ఒకటి ఆయన కొట్టేస్తే, ఆ కాగితం అందుకున్నతను గోదాట్లో దూకేశాడు. దాంతో ఈయన ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఆ బెంచీ మీదకొచ్చి కూర్చున్నారు.”