ఆమెకు మిగిల్చిన సగం

గేటుకు తాళం వేయాలి, గంటకోసారి గిడ్డంగి చుట్టి రావాలి, పుస్తకంలో సంతకం పెట్టాలి. కాపలాదారుకు అన్నీ గుర్తున్నాయి. కానీ తాళం రెండుగా కనిపిస్తోంది.

"చుక్క ముట్టని బాబాయివి, ఇవాళ సీసా ఎత్తేశావా?" సూపర్‌వైజరు నవ్వాడు.

తాగలేదని చెప్పబోతే నాలుక మడతపడింది. సూపర్‌వైజరు అతన్ని గదిలో పడుకోబెట్టి, "పొద్దున్నకి దిగుతుందిలే" అంటూ బయట గడియ పెట్టి వెళ్లాడు.

రెప్పలు వాలిపోయాయి, ఊపిరి చాలడం లేదు. మనసు మాత్రం మెలకువగానే ఉంది. పొద్దున ఇంట్లో తిన్న సీలు డబ్బా కూర మూత ఉబ్బి ఉండటం గుర్తొచ్చింది. గాలి చొరని డబ్బాలో పెరిగే క్రిమి విడిచే విషం నాలుకకు తెలియదు, కానీ ఒళ్లంతా చచ్చుబడేలా చేస్తుంది. మిగతా సగం భార్య కోసం దాచాడు. ఆమె షిఫ్టు దిగి, ఆకలితో రాత్రి పన్నెండుకు ఇంటికి వస్తుంది.

గోడ గడియారం పన్నెండు కొట్టింది. అరవబోయాడు, పెదవి కదల్లేదు.

ఉబ్బిన డబ్బా కనిపిస్తే, చదువుతున్న మీరైనా ఆమెను గుర్తుంచుకోండి. తినొద్దని చెప్పాల్సినవాడికి నోరు పడిపోయింది.